వదిన కొలవనన్న మనిషి

మా వదినంటే మా వీధిలో అందరికీ భయమే. కోపిష్టి మనిషని కాదు. ఆవిడ ఎదురొస్తుంటే పెద్దపెద్ద మగవాళ్ళు కూడా ఊపిరి బిగబట్టి పొట్టలు లోపలికి లాక్కుంటారు. పోషకాహార కేంద్రంలో మనుషుల ఒళ్ళు కొలవడం ఆవిడ ఉద్యోగం. ఎవరి ఒంట్లో కొవ్వు ఎంతుందో, ఎక్కడుందో బొటనవేలూ చూపుడువేలూ పెట్టి చెప్పేస్తుంది. అక్కడికి వచ్చేవాళ్ళు ఆవిడకి పెట్టిన పేరు గిల్లుడు మేడమ్. ఆ పేరు చెవిన పడితే చాలు, "గిల్లితే నొప్పి పుడుతుంది, నేను పట్టుకుంటే పుడుతోందా?" అని తగువేసుకుంటుంది. పుట్టదనే అంటారు. నాకు మాత్రం తెలియదు. ఇంటివాళ్ళని ఆవిడ కొలిచేది కాదు.

అలాంటి మనిషి ఒకరి చెయ్యి పట్టుకోవడానికి నిలువెల్లా వణికిపోవడం నేను కళ్ళారా చూశాను. ఆ చెయ్యి మా అన్నయ్యది. ఆ రోజులు తలచుకుంటే నాకు ఇప్పటికీ భయమే. కాబట్టి ఈ సంగతి చెప్పేటప్పుడు మధ్యలో నాకు కోపం వస్తే ఏమీ అనుకోకండి. నాకు భయమేస్తే కోపం వస్తుంది, అది మా వంశంలోనే ఉంది.

మెట్లెక్కగానే ఎడమ పక్కన కొలతల గది. గోడకి ఎత్తు చూసే బద్ద, కింద తూకం, చొక్కా విప్పుకునేవాళ్ళ కోసం ఒక తెర, గోడ మేకుకి నడుం కొలిచే టేపు. వదిన పనిముట్టు వేరే ఉంది. దాని పేరు కాలిపర్. ఆవిడ మాత్రం పటకారు అంటుంది. కుడి చేతి వెనకవైపు, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన పెన్నుతో చిన్న గీత పెడుతుంది. అక్కడ చర్మాన్నీ, దాని కింద కొవ్వునీ మడతలా పట్టి, కండ నుంచి విడదీసి పైకి లాగుతుంది. మడతకి పటకారు తగిలించి, ముల్లు కుదురుకోగానే మడత మందం ఎన్ని మిల్లీమీటర్లో అంకె చదువుతుంది. ఎక్కువసేపు ఉంచితే మడత నలిగి అంకె తగ్గిపోతుందట. తొందరపడితే పెరిగిపోతుందట. చేతివాటం కుదరడానికి ఏళ్ళు పట్టిందని, మొదట్లో ఎంతమందికో కమిలేలా పట్టేశానని ఆవిడే నవ్వుతూ చెప్పేది.

ఆ గదిలోనే ఒక మెషీన్ కూడా ఉంది. చెప్పులు విప్పి దాని మీద నిలబడి రెండు పిడులు పట్టుకుంటే, మనకి తెలియనంత కరెంటు ఒంట్లోకి పంపి, కొవ్వు ఇంత, కండ ఇంత అని కాగితం కక్కుతుంది. జనానికి అదంటే మోజు. దాని సంగతి అడిగితే వదిన ఇలా చెప్పింది.

"నీళ్ళున్న చోట కరెంటు సులువుగా పోతుంది అమ్మాయ్. కండలో నీళ్ళెక్కువ, కొవ్వులో తక్కువ. కరెంటు ఎంత సులువుగా పోయిందో చూసి మిగతాదంతా లెక్క కట్టేస్తుంది. మంచిదే, కానీ దానికేమన్నా కళ్ళున్నాయా?"

"మరి నీ పటకారుకి ఉన్నాయా?"

"దానికి లేవు, నా వేళ్ళకి ఉన్నాయి," అంది.

అంత గొప్పలు పోయే మనిషి, మమ్మల్ని కొలవమంటే ససేమిరా అనేది. "సొంతవాళ్ళని పట్టుకుంటే చెయ్యి మొహమాటపడుతుంది. మంచి అంకె రావాలని నొక్కేస్తుంది" అనేది. డాక్టర్లు సొంత పిల్లలకి ఆపరేషన్ చెయ్యనట్టే, తనకీ అదొక కట్టుబాటు.

ఇక మా అన్నయ్య. లిఫ్టులు బాగుచేస్తాడు. భారీ మనిషి, ఇంకా భారీ పొట్ట, వీటన్నిటికంటే భారీ నోరు. ఒకసారి లిఫ్టు పై కప్పులో ఉండే తలుపు సందులోంచి దిగబోయి పొట్ట దగ్గర ఇరుక్కుపోయాడు. తోటివాళ్ళు కింద నుంచి కాళ్ళు పట్టుకుని లాగారు. ఆ కథ ఊరంతా పాకింది. ఇక పొట్ట తగ్గించి తీరతానని శపథం చేశాడు. వదిన అతని పళ్ళెంలో కోత మొదలుపెట్టింది. సాయంత్రం ఏదో చిన్న గిన్నెడు సూపు, రాత్రి ఇంకా తక్కువ. నెలకోసారి కేంద్రానికి వెళ్ళి మెషీన్ ఎక్కేవాడు. వదిన కొలవదు కాబట్టి అక్కడ పనిచేసే అమ్మాయి ఎక్కించేది.

ఫలితం చూసి అందరం నోరు వెళ్ళబెట్టాం. బరువు అంతే ఉంది గానీ కొవ్వు తగ్గింది, కండ పెరిగింది. మరుసటి నెల ఇంకా తగ్గింది, ఇంకా పెరిగింది. అన్నయ్య ఆ కాగితాన్ని ఫ్రిజ్‌కి అంటించాడు. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళ వంకతో ఫ్రిజ్ దాకా తీసుకెళ్ళి చూపించేవాడు. నేను మేడ మీద వాటాలో ఉంటాను కాబట్టి ఆ కోతలన్నీ రోజూ వినాల్సిందే.

"చూడవే చెల్లాయ్, కండ," అని చెయ్యి మడిచేవాడు.

"ఎక్కడన్నయ్యా? నాకు చొక్కానే కనబడుతోంది."

"నీకు కుళ్ళు."

వదిన కూడా సంతోషించింది. నేను చూశాను. కాగితం వచ్చిన రోజు ఆవిడ వంటింట్లో ఏదో పాట కూనిరాగం తీసింది. మెషీన్‌కి కళ్ళు లేవన్న మనిషే, అది తన మొగుడి గురించి మంచిమాట చెప్పేసరికి నమ్మేసింది. ఎవరు నమ్మరు?

ఆ రోజుల్లో కొన్ని తేడాలు కనబడ్డాయి. అన్నయ్య మెట్ల మధ్యలో ఆగి ఫోన్ చూసుకుంటున్నట్టు నటించేవాడు. భోజనం సగంలోనే చాలనేవాడు. ఇంట్లో కూడా మోకాళ్ళ దాకా సాక్స్ వేసుకుని తిరిగేవాడు. చలిగా ఉందనేవాడు. ఎండ మండిపోతోంది, చలేమిటి అని నేను ఎగతాళి చేశాను. అంతకు మించి ఎవరం ఆలోచించలేదు.

పనిలోకి వేసుకెళ్ళే చొక్కాలు చిరిగిపోయాయని కొత్తవి కుట్టించడానికి ముగ్గురం టైలర్ దగ్గరికి వెళ్ళాం. అన్నయ్య కొలతలివ్వడానికి బద్ధకించి, కిందటేడాది కుట్టించిన చొక్కాని ఆదికి పట్టుకొచ్చాడు. టైలర్ ముసలాయన, మా అందరికీ ఏళ్ళుగా కుడుతున్నాడు. ఎందుకైనా మంచిది, ఒకసారి తొడుక్కుని చూపించండి సార్ అన్నాడు. అన్నయ్య తొడుక్కున్నాడు. టైలర్ చుట్టూ ఒకసారి తిరిగి, నోట్లో ఉన్న గుండుసూది తీసి నవ్వాడు.

"ఈ ఆది పనికిరాదు సార్. చేతుల దగ్గర ఇంత వదులు, పొట్ట దగ్గర గుండీ పడటం లేదు. చేతులు ఒకళ్ళవి, పొట్ట ఇంకొకళ్ళది తెచ్చారు మీరు."

అన్నయ్య పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. "అందరికీ చేతుల్లో వచ్చే కండ నీకు పొట్టలో వచ్చిందా అన్నయ్యా?" అన్నాను. పక్కనే ఉన్న వదిన నా మణికట్టు పట్టుకుంది. నొప్పి పుట్టేలా పట్టుకుంది. తిరిగి చూస్తే ఆవిడ ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. ఆ వేలాడే చేతుల వంకే చూస్తోంది. ఏమైందో తెలియకుండానే నాకు భయం పట్టుకుంది.

ఇంటికి రాగానే అన్నయ్యని కుర్చీలో కూర్చోబెట్టి, "ఏవండీ, సాక్స్ తీయండి," అంది.

"ఎందుకిప్పుడు?"

"తీయండి."

"ఒళ్ళు అలిసిపోయి వస్తే ఈ పరీక్షలేంటే?" అని లేవబోయాడు. వదిన నేల మీద కూర్చుని తనే లాగేసింది. సాక్స్ అంచు పడ్డ చోట పిక్క చుట్టూ గాడి పడి ఉంది. పాదాలు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. ఆవిడ ముందువైపు ఎముక మీద బొటనవేలితో నొక్కి పట్టి, వేలు తీసింది. గుంట అలాగే ఉండిపోయింది. తడి మట్టిలో వేలు దించినట్టు. ముగ్గురం ఆ గుంట పూడుతుందని చూస్తూ కూర్చున్నాం. అది పూడటం లేదు. వదిన సాక్స్ మళ్ళీ పైకి లాగి, గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వెనకాలే వెళ్ళాను. గట్టు పట్టుకుని నిలబడి ఉంది.

"అది కండ కాదు అమ్మాయ్. నీళ్ళు. ఒంట్లో నీళ్ళు చేరాయి. మెషీన్ ఆ నీళ్ళనే కండ అనుకుంది. లోపల మనిషి కరిగిపోతున్నాడు, పైన నీళ్ళు నిండుతున్నాయి, అందుకే బరువు కదల్లేదు."

"ఎందుకు చేరతాయి నీళ్ళు?"

"గుండె పాడైతే చేరతాయి. కిడ్నీలైతే చేరతాయి. లివరైతే చేరతాయి. నాకేం తెలుసు?" అంది. తర్వాత చాలా మెల్లగా, "ఒంట్లో ఏమీ లేని మనిషికి నా చేత్తో తిండి తగ్గించాను," అంది.

నాకు మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన చివరి రోజుల్లో పొట్ట ఇలాగే బిగిసి, కాళ్ళు ఇలాగే మెరిసేవి. నేను చిన్నదాన్ని. ఆ కాళ్ళు ముట్టుకోవడానికి భయపడి తలుపు పక్కన నిలబడేదాన్ని. ఆయనకి ఏం జబ్బో ఇంట్లో ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. నాకంటే పెద్దవాడైన అన్నయ్య మాత్రం ఆ కాళ్ళు పడుతూ కూర్చునేవాడు.

డాక్టర్ దగ్గరికి పదండి అంటే అన్నయ్య ఇంతెత్తున లేచాడు. ఎప్పుడూ కసురుకోని మనిషి వదినని కసిరాడు. రోజంతా నిలబడే ఉద్యోగం, కాళ్ళు వాయవా అన్నాడు. ఫ్రిజ్ మీది కాగితం చూపించి, "నీ కేంద్రం కాగితమే ఇది, నీకే నమ్మకం లేదా?" అన్నాడు. మరునాటి నుంచి మేము లేవకముందే పనికి వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు. కేంద్రం నడిపే డైటీషియన్ మేడమ్ స్వయంగా ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి చెడామడా తిట్టాలని మెట్లు దిగేదాన్ని, అతని ముఖం చూసి పైకి వచ్చేసేదాన్ని. ఇంట్లో గ్లాసు కింద పడ్డా ఉలిక్కిపడేవాళ్ళం. అన్నయ్య స్నానాల గదిలో కాస్త ఆలస్యమైతే వదిన తలుపు బయట నిలబడి నీళ్ళ చప్పుడు వినేది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతకడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

చివరికి వదినే దారి వెతికింది.

"మీకు కొలతల మీద నమ్మకం కదా. నేను కొలుస్తాను. అంకె బాగుంటే ఇంక ఈ జన్మలో నోరెత్తను. బాగోలేకపోతే నాతో రావాలి."

ఇన్నేళ్ళలో ఏనాడూ కొలవని మనిషి కొలుస్తానంటే అన్నయ్య కాదనలేకపోయాడు. వచ్చిన వాళ్ళందరూ వెళ్ళిపోయాక, సాయంత్రం ముగ్గురం కొలతల గదికి వెళ్ళాం. అక్కడ పద్ధతి ఒకటుంది. ఒకరు కొలిచి అంకె చెబితే, రాసేవాళ్ళు దాన్ని పైకి తిరిగి చెప్పి అప్పుడు రాయాలి. పొరపాటు జరగకూడదని అలా పెట్టుకున్నారు. రాసే పని నాకు అప్పగించింది. నేను బళ్ళో లెక్కలు చెబుతాను. అంకెలు నాకు కొత్తా?

అన్నయ్య చొక్కా విప్పాడు. అతన్ని అలా చూసి ఎన్నాళ్ళైందో. భుజాల దగ్గర ఎముకలు పొడుచుకొచ్చాయి. చేతులు మా నాన్న చేతులు. వాటి కింద ఆ పొట్ట బిగుసుకుని, చర్మం పలచబడి మెరుస్తోంది. వదిన అరచేతులు రుద్దుకుంది. కొలిచే ముందు చేతులు వెచ్చబరచుకోవడం ఆవిడ అలవాటు. రుద్దుకుంటూనే ఉంది. చెయ్యి ముందుకు చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"పెళ్ళైన కొత్తలో కూడా నన్ను ముట్టుకోవడానికి ఇంత సిగ్గుపడలేదు నువ్వు," అన్నాడు అన్నయ్య.

వదిన గీత పెట్టింది. మడత పట్టింది. పటకారు తగిలించింది. దాని ముల్లు వణుకుతోంది, వణికేది ముల్లు కాదు. ఒకసారి తీసేసి, వీపు మీద ఇంకో చోట చూసి, మళ్ళీ చేతి దగ్గరికి వచ్చింది. ఒకే చోట వెంటవెంటనే పట్టకూడదట. రెండోసారి ముల్లు కుదురుగా నిలబడింది. ఆవిడ చెయ్యి మొహమాటపడలేదు.

"ఆరు," అంది.

లిఫ్టు తలుపు సందులో ఇరుక్కున్న మనిషికి ఆరు. కేంద్రానికి వచ్చే బక్కపలచని వాళ్ళ దగ్గర కూడా ఆవిడ పది, పన్నెండు చెప్పడం నేను విన్నాను.

"తిరిగి చెప్పు అమ్మాయ్."

నోరు తెరిచాను. మాట రాలేదు. నేను చెబితే అది నిజమైపోతుందనిపించింది. వదిన నా వంక చూడకుండా, మడత వదలకుండా, "చెప్పవే," అంది. ఆవిడ నన్ను 'వే' అనడం అదే మొదటిసారి.

"ఆరు," అన్నాడు అన్నయ్య. గోడ వంక చూస్తూ అన్నాడు. "ఆరు. రాసుకో చెల్లాయ్."

తర్వాత అతనే మాట్లాడాడు. "మెషీన్ ఎక్కించే ముందు ఆ పిల్ల ప్రతిసారీ అడిగేది. ఒంట్లో ఎక్కడైనా వాపుందా అంకుల్ అని. లేదమ్మా అనేవాణ్ణి. సాక్స్ గాడి చూసి అడిగితే బూట్లు బిగుతు అన్నాను. నాన్న కాళ్ళు పట్టినవాణ్ణి, నాకు తెలియదా? కాగితం మీద కండ అని వస్తే ఇంకో నెల భయపడక్కర్లేదు అనిపించేది. అంతే."

వదిన అతని మీద చెయ్యెత్తుతుందేమో అనుకున్నాను. ఆవిడ చొక్కా తీసి అతనికి తొడిగి, పడని గుండీలని ఒక్కొక్కటే పెట్టడానికి ప్రయత్నించింది. అవి పడలేదు. అలాగే వదిలేసి, ఆ పొట్ట మీద తల ఆనించి ఏడ్చింది.

లివర్. జన్మలో మందు ముట్టని మనిషికి లివర్. తాగనివాళ్ళకీ ఇలా వస్తుందని, లోపల కొవ్వు పేరుకుని ఏళ్ళ తరబడి మెల్లగా గట్టిపడుతుందని డాక్టర్ చెప్పాడు. ఆసుపత్రిలో చేర్చుకుని పొట్టలోంచి నీళ్ళు తీశారు. ఆ నీళ్ళలో చీము పట్టిందన్నారు, జ్వరం ఎక్కింది. ఒక మధ్యాహ్నం అన్నయ్య కళ్ళు తెరిచి వదిన వంక పరాయి మనిషిని చూసినట్టు చూసి, "ఏ అంతస్తులో ఆగిందమ్మా లిఫ్టు?" అని అడిగాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి, వరండాలోకి పరిగెత్తి నర్సు మీద అరిచాను. లివర్ చెయ్యాల్సిన పని చెయ్యకపోతే విషాలు తలకెక్కుతాయట. మందులు పడ్డాక, మరునాడు, "నా సాక్స్ ఎవరు తీశారు?" అన్నాడు. ఆ మాట విని మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

నీళ్ళు పోయాక మంచం మీద మిగిలిన మనిషిని చూసి నేను గుర్తుపట్టలేకపోయాను. మేము కండ అని మురిసిపోయినన్ని నెలలూ మా మధ్య తిరిగింది ఇతనే. తిండి తగ్గించడం కాదు, పెంచాలన్నాడు డాక్టర్. ఉప్పు మానాలి, గుడ్లు తినాలి, పాలు తాగాలి, పడుకునే ముందు కూడా ఏదో ఒకటి తినాలి. ఒళ్ళు చెయ్యకపోతే ఈ జబ్బు మళ్ళీ తిరగబెడుతుంది, అప్పుడు తట్టుకునే బలం ఉండదు అన్నాడు. బరువు చూసి ధీమా పడొద్దు, చెయ్యి కొలుస్తూ ఉండండి అని వదినకి మరీమరీ చెప్పాడు.

అప్పటి నుంచీ నెలకోసారి వదినే కొలుస్తోంది. ఆ రోజు వస్తోందంటే అన్నయ్య కోతలు ఆగిపోతాయి. నాకు బళ్ళో కూడికలు తప్పుతాయి. చాలా నెలలు ఆరు దగ్గరే ఉంది. ఒక నెల ఐదున్నర వచ్చింది, ఆ రోజు మా ఇంట్లో ఎవరం అన్నం ముట్టలేదు, అన్నయ్య తప్ప. అతనికి వదిన పక్కన కూర్చుని బలవంతంగా తినిపించింది.

ఈ నెల కేంద్రానికి వెళ్ళేసరికి జనం ఉన్నారు. బయట బెంచీ మీద లావు తగ్గడానికి వచ్చినవాళ్ళు వరసగా కూర్చున్నారు. వదిన మడత పట్టి, అంకె చూసి, పైకి చెప్పకుండా పటకారు తీసేసింది. వీపు మీద చూసింది. మళ్ళీ చేతి దగ్గరికొచ్చింది. మూడోసారి కూడా చూసింది. అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు.

"ఎంత?" అన్నాడు.

"ఎనిమిది."

"సరిగ్గా చూడు."

"చూశానండీ. ఎనిమిది. కొవ్వు పెరిగిందండీ!" అని వదిన ఉన్నచోటే కూలబడి భోరుమంది. బయట బెంచీ మీది గుసగుసలు ఆగిపోయాయి. ఆ మాటకి ఎవరైనా ఏడుస్తారని వాళ్ళకి తెలుసు గానీ, ఎందుకేడుస్తారో వాళ్ళకేం తెలుసు? నేను అంకె పైకి చెప్పి రాశాను. అన్నయ్య వదిన పక్కనే నేల మీద కూర్చుని, కొలిచిన ఆ చేత్తోనే ఆవిడ తల నిమిరాడు. వచ్చే నెల సంగతి ఎవరం ఎత్తలేదు.